నొక్కిన మీట ఎక్కడ తప్పిపోయింది?

రేపు ఉదయమే మీ పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శన అనుకోండి. పెసరగింజ నానినప్పటి నుంచి రెండాకులు విప్పుకునేదాకా జరిగిన కథనంతా మీ బృందం ఫోనుతో చిత్రీకరించింది. మొత్తం 40 నిమిషాల వీడియో తయారైంది. చూడవచ్చేవాళ్లు అంతసేపు నిలబడరు కదా! దాన్ని 5 నిమిషాలకు కుదించాలి. మాస్టారు కంప్యూటరు గది తాళం చేతికిచ్చి, "రాత్రి ఎనిమిదింటికల్లా ముగించండి" అని చెప్పి వెళ్లారు.

మీరు చురుకైనవాళ్లు. వీడియోను కత్తిరించి కూర్చే ప్రోగ్రాములో పోయిన వారమే కొన్ని సొంత షార్ట్‌కట్లు పెట్టుకున్నారు. 'డి' మీట నొక్కితే చాలు, తెరమీద నిలువు గీత ఉన్నచోట వీడియో రెండు ముక్కలవుతుంది. 'ఎల్' నొక్కితే బొమ్మ ముందుకు నడుస్తుంది, 'జె' నొక్కితే వెనక్కు నడుస్తుంది, 'కె' నొక్కితే ఆగిపోతుంది. పని చకచకా సాగిపోతోంది. మధ్యలో ఒకసారి ఆగి, "గింజ నుంచి మొక్క దాకా" అన్న శీర్షికను తెలుగులో టైపు చేశారు. బాగుంది. మళ్లీ కోతల పనికి వచ్చి 'డి' నొక్కారు.

ఏమీ జరగలేదు!

ఇంకోసారి గట్టిగా నొక్కారు. ఊహూఁ. 'జె', 'కె', 'ఎల్' కూడా మూగబోయాయి. విచిత్రమేమిటంటే, స్పేస్ బార్ నొక్కితే బొమ్మ నడుస్తోంది. బాణం గుర్తుల మీటలు కూడా పనిచేస్తున్నాయి. గడియారం ఏడు చూపిస్తోంది.

ఒక మిత్రుడు "కీబోర్డు పాడైంది, ఇంకోటి తెద్దాం" అన్నాడు. రెండోవాడు "వైరస్ పట్టింది" అన్నాడు. మూడో అమ్మాయి "ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఎక్కిద్దాం" అంది. ముగ్గురూ మందు చెప్పారు. జబ్బేమిటో మాత్రం ఎవరూ చూడలేదు.

మనం అలా చేయవద్దు. మీ వేలు మీటను తాకిన క్షణం నుంచి తెరమీద పని జరిగే క్షణం దాకా ఆ నొక్కుడు ఏయే దారుల్లో ప్రయాణిస్తుందో ముందు చూద్దాం. దారి తెలిస్తే, తప్పిపోయిన చోటు దానంతటదే బయటపడుతుంది.

కత్తెర నాటి సంగతి

అసలు ఈ షార్ట్‌కట్ల అవసరం ఎందుకొచ్చింది?

సినిమాలను ఫిల్ము మీద తీసిన రోజుల్లో కోత అంటే నిజంగా కోతే. సెకనుకు 24 బొమ్మలు నడిచే 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక అడుగు పొడవున 16 బొమ్మలుంటాయి. లెక్క కట్టి చూడండి: ఒక నిమిషం సినిమాకు 90 అడుగుల ఫిల్ము కావాలి. మీ 40 నిమిషాల పెసరగింజ కథ ఫిల్ము మీద తీసి ఉంటే అది 3600 అడుగులు, అంటే కిలోమీటరుకు మించిన పొడవు! ఎడిటరు ఆ ఫిల్మును ఒక యంత్రంలో పెట్టి, ముందుకూ వెనక్కూ నడిపి, సరైన బొమ్మ దగ్గర ఆపి, అక్కడ కత్తిరించి, కావలసిన ముక్కలను అతికించేవాడు. 1924లో ఇవాన్ సెర్రూరియర్ తయారుచేసిన మూవియోలా అలాంటి యంత్రమే. దశాబ్దాలపాటు ఎందరో ఎడిటర్లు దానిమీద పనిచేశారు.

తరువాత బొమ్మలు కంప్యూటరులోకి చేరాయి. ఏ ముక్కనైనా ఎప్పుడైనా వెతికి తీసుకొని, మూలాన్ని చెడగొట్టకుండా కూర్చుకునే తొలి యంత్రం సి.ఎం.ఎక్స్. 600 అనేది 1971లో అమెరికాలో వచ్చింది. ఈనాడు అదే పని మామూలు కంప్యూటరు మీద జరుగుతోంది. కెడెన్‌లైవ్ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

కానీ ఎడిటరు పని మారలేదు. ముందుకు, వెనక్కు, ఆపు, కోయి. ఈ నాలుగే రోజుకు వందలసార్లు. అందుకే 'జె, కె, ఎల్' అనే మూడు మీటలను చాలా వీడియో ప్రోగ్రాములు వెనక్కు, ఆపు, ముందుకు అనే పనులకు కేటాయించాయి. 'ఎల్' రెండోసారి నొక్కితే వేగం పెరుగుతుంది కూడా. మీ కుడిచేతి వేళ్లను కీబోర్డు మీద ఆనించి చూడండి. చూపుడువేలు 'జె' మీద, నడిమివేలు 'కె' మీద, ఉంగరపు వేలు 'ఎల్' మీద ఉంటాయి. 'జె' మీట మీద చిన్న గీతలాంటి బొడిపె తగులుతుంది. కళ్లు తెరమీదే ఉంటాయి, వేళ్లు తమ చోటు తామే వెతుక్కుంటాయి.

మౌసుతో మెనూ తెరిచి, కోత ఆజ్ఞను వెతికి నొక్కడానికి 5 సెకన్లు పడుతుందనుకుందాం. మీటతో 1 సెకను. మీ వీడియోకు 120 కోతలు కావాలంటే ఆదా అయ్యేది 480 సెకన్లు, అంటే 8 నిమిషాలు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది: చూపు బొమ్మను విడిచి పోదు. ఏ క్షణాన మొలక బయటపడిందో ఆ క్షణాన్నే కోయవచ్చు.

మొదటి మజిలీ: తీగల వల

ఇప్పుడు ప్రయాణం మొదలుపెడదాం. మామూలు కీబోర్డులో సుమారు 104 మీటలుంటాయి. ఒక్కో మీటకు ఒక్కో జత తీగలు వేస్తే లోపలంతా తీగల చిక్కే. ఇంజనీర్లు తెలివైన ఉపాయం పన్నారు. తీగలను గళ్లనూలు గుడ్డలోలాగా అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని అమర్చారు. అడ్డతీగ, నిలువుతీగ కలిసేచోట ఒక మీట. 8 అడ్డతీగలు, 16 నిలువుతీగలు వేశామనుకోండి. మొత్తం 24 తీగలే. కానీ కూడళ్లు ఎన్ని? 8 × 16 = 128! 104 మీటలకు చోటు సరిపోయి ఇంకా మిగిలింది.

మామూలు కీబోర్డును విప్పితే లోపల మూడు పలుచని ప్లాస్టిక్ పొరలు కనిపిస్తాయి. పైపొర మీదా కిందిపొర మీదా విద్యుత్తును ప్రసరింపజేసే గీతలుంటాయి. మధ్యపొరలో మీట ఉన్నచోటల్లా ఒక రంధ్రం. మీరు మీట నొక్కినప్పుడు పైపొర ఆ రంధ్రంలోంచి వంగి కిందిపొరను తాకుతుంది. అంతే, వలయం పూర్తయింది.

కీబోర్డులోనే ఉన్న ఒక చిన్న చిప్ ఒక్కో వరుసను పలకరిస్తూ "ఇక్కడ ఎవరైనా తాకారా?" అని సెకనుకు 100 సార్లకు పైగా చూసుకుంటూ ఉంటుంది. ఆ పొరల మధ్య నలుసు పడినా, టీ ఒలికినా, గీత చెరిగినా ఆ మీట పలకదు. ఇలాంటి జబ్బుకు ఒక గుర్తుంది: ఆ మీట ఏ ప్రోగ్రాములోనూ పనిచేయదు. ఒక గీత తెగితే ఆ గీతమీది మీటలన్నీ ఒకేసారి పోతాయి.

దయ్యపు మీట

తీగలు పొదుపు చేసిన ఉపాయంలో ఒక చిక్కు కూడా ఉంది. మీరే చేసి చూడండి.

కాగితం మీద రెండు అడ్డగీతలు గీసి 1, 2 అని పేర్లు పెట్టండి. వాటిని ఖండిస్తూ రెండు నిలువుగీతలు గీసి క, చ అని పేర్లు పెట్టండి. నాలుగు కూడళ్లు వచ్చాయి. ఇప్పుడు మూడు నాణేలు తీసుకొని 1-క, 1-చ, 2-క కూడళ్ల మీద పెట్టండి. నాణెం ఉన్నచోట మీట నొక్కినట్లు లెక్క. 2-చ ఖాళీగా ఉంది.

కరెంటు రెండో అడ్డగీత నుంచి బయలుదేరిందనుకోండి. 2-క దగ్గర నాణెం ఉంది కాబట్టి 'క' గీతలోకి దిగుతుంది. అక్కడి నుంచి 1-క నాణెం మీదుగా ఒకటో అడ్డగీతకు, అక్కడి నుంచి 1-చ నాణెం మీదుగా 'చ' గీతకు చేరుతుంది. చూశారా! రెండో గీతలో బయలుదేరిన కరెంటు 'చ' గీతలో తేలింది. చిప్‌కు ఏమనిపిస్తుంది? 2-చ మీట కూడా నొక్కారనిపిస్తుంది. ఎవరూ నొక్కని మీట! దీన్నే దయ్యపు మీట అంటారు. దయ్యమేమీ లేదు, కరెంటు దొడ్డిదారిన వచ్చిందంతే.

ఖరీదైన కీబోర్డుల్లో ప్రతి మీట దగ్గరా కరెంటును ఒకేవైపు పోనిచ్చే డయోడును పెట్టి ఈ దొడ్డిదారిని మూసేస్తారు. చవక కీబోర్డుల్లోని చిప్ అనుమానం రాగానే మూడో మీటను లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. కాబట్టి మీరు మూడు నాలుగు మీటలు కలిపి నొక్కాల్సిన షార్ట్‌కట్ పెట్టుకొని, అది ఒక కీబోర్డు మీద పలికి, ఇంకోదాని మీద పలకకపోతే తప్పు ప్రోగ్రాముది కాకపోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మీటలను సాధారణంగా ఇలాంటి గొడవ తక్కువ ఉండేలా అమరుస్తారు. అందుకే 'కంట్రోల్ + షిఫ్ట్ + ఒక అక్షరం' అన్న కలయిక, మూడు మామూలు అక్షరాల కలయిక కంటే నమ్మదగినది.

అంకె అక్షరంగా మారే చోటు

ఇక్కడొక ఆశ్చర్యకరమైన సంగతి. మీరు 'జె' నొక్కితే కీబోర్డు కంప్యూటరుకు 'జె' అనే అక్షరం పంపదు! ఒక అంకె పంపుతుంది. యు.ఎస్.బి. కీబోర్డు పంపే అంకె 13. 'కె' అయితే 14, 'ఎల్' అయితే 15. దాని అర్థం "ఫలానా చోటున ఉన్న మీట నొక్కారు" అని మాత్రమే. మీట మీద ఏ అక్షరం అచ్చు వేసి ఉందో కీబోర్డుకు తెలియదు.

ఆ అంకెను అక్షరంగా మార్చేది కంప్యూటరులోని నిర్వాహక వ్యవస్థ. విండోస్, లినక్స్ వంటివన్నమాట. అందుకు దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికనే కీబోర్డు లేఅవుట్ అంటారు. పట్టిక మారితే అదే మీటకు వేరే అక్షరం వస్తుంది. జర్మనీ కీబోర్డుల్లో మనకు 'జెడ్' ఉన్నచోట 'వై' ఉంటుంది, 'వై' ఉన్నచోట 'జెడ్' ఉంటుంది. చేసిన పనిని రద్దుచేయడానికి మనం కంట్రోల్ + జెడ్ నొక్కుతాం. మనకు జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ కింది వరుసలో పక్కపక్కనే ఉంటాయి. జర్మన్ విద్యార్థికి మాత్రం ఆ జెడ్ మిగతా మూడింటికీ దూరంగా పైవరుసలో ఉంటుంది.

మరి తెలుగు? భారతీయ భాషలన్నింటికీ ఒకే పద్ధతిలో ఉండేలా 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రామాణికం చేసింది. అందులో 'కె' మీటకు తెలుగులో 'క' వస్తుంది. హిందీ పట్టిక పెట్టుకుంటే అదే మీటకు హిందీ 'క' వస్తుంది. 'జె' మీటకు 'ర', 'ఎల్' మీటకు 'త'. 'డి' మీటకు పొల్లు.

కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుందని మీకు తెలుసు కదా. చిన్నబడి ఇంగ్లీషు 'కె' సంఖ్య 107. తెలుగు 'క' సంఖ్య 3093. మనకు రెండూ ఒకే మీట నుంచి వచ్చినట్లే కనిపిస్తాయి. "107 వస్తే బొమ్మను ఆపు" అని రాసుకున్న ప్రోగ్రాముకు 3093 వచ్చిందనుకోండి. అది పట్టించుకోదు. ఎందుకు పట్టించుకోవాలి? దాని జాబితాలో ఆ సంఖ్యే లేదు!

కొన్ని ప్రోగ్రాములు అక్షరాన్ని కాక మీట ఉన్న చోటును చూస్తాయి. మరికొన్ని, తెలుగు అక్షరం వచ్చినా దాని వెనక ఉన్న ఇంగ్లీషు మీట ఏదో వెతుక్కుంటాయి. వాటిలో ఈ ఇబ్బంది రాదు. అలా వెతకని ప్రోగ్రాములలో మాత్రం షార్ట్‌కట్లు మూగబోతాయి. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉన్నప్పుడు మీరు కొత్త షార్ట్‌కట్ పెట్టారనుకోండి. ప్రోగ్రాము 'క' అని రాసుకోవచ్చు. తరువాత ఇంగ్లీషుకు మారగానే ఆ షార్ట్‌కట్ మాయమైనట్లు అనిపిస్తుంది.

ఇంకో చిన్న ఉచ్చు చెబుతాను. విండోస్‌లో రెండు భాషలు పెట్టుకున్నప్పుడు ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోయే ఏర్పాటు ఉంటుంది. మీరు 'ఆల్ట్ + షిఫ్ట్ + ఇంకేదో' అని షార్ట్‌కట్ పెట్టుకుంటే, అది నొక్కే ప్రయత్నంలో మీకు తెలియకుండానే భాష మార్చేసుకోవచ్చు.

దారిలో కాపలాదారులు

అక్షరం సిద్ధమైనా అది నేరుగా వీడియో ప్రోగ్రాముకు చేరుతుందన్న హామీ లేదు. ముందు నిర్వాహక వ్యవస్థ చూస్తుంది. కొన్ని కలయికలను అది ఎవరికీ ఇవ్వదు. విండోస్ మీట, 'ఎల్' కలిపి నొక్కితే కంప్యూటరు తెర తాళం పడుతుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు కూర్చిన కంట్రోల్ + ఆల్ట్ + డిలీట్ కూడా ఈనాటి విండోస్ తనకే అట్టిపెట్టుకుంది. వీటిని మీ కోత పనికి వాడుకుంటానంటే కుదరదు.

తరువాత ఇతర ప్రోగ్రాములు. తెరను రికార్డు చేసేవి, స్క్రీన్‌షాట్ తీసేవి నేపథ్యంలో ఉంటూ కొన్ని మీటలను ముందే పట్టుకుంటాయి. మీ ఉత్తరం మీ ఇంటికి రాకముందే పక్కింటివాళ్లు తీసేసుకున్నట్లు! ల్యాప్‌టాప్‌లలో పైవరుసలోని ఎఫ్ మీటలు శబ్దం పెంచడానికీ తెర వెలుగు తగ్గించడానికీ పనిచేస్తుంటాయి. వాటిని నిజంగా ఎఫ్ మీటలుగా వాడాలంటే ఎఫ్.ఎన్. అనే మీటను కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు.

చేతులు సరిగా కదపలేనివారి కోసం విండోస్‌లో స్టికీ కీస్ అనే మంచి ఏర్పాటు ఉంది. షిఫ్ట్ మీటను వెంటవెంటనే 5 సార్లు నొక్కితే, అది మొదలుపెట్టమంటారా అని అడుగుతుంది. సరేనన్నారా, ఇకమీదట షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలినా నొక్కే ఉంచినట్లు లెక్క. తెలియక 'అవును' అన్నవారికి 'జె' నొక్కితే షిఫ్ట్ + జె చేసే పని జరిగి తికమకగా ఉంటుంది.

ఇవన్నీ దాటి ప్రోగ్రాములోకి వచ్చాక కూడా ఒక ప్రశ్న: మీరు ఏ గదిలో ఉన్నారు? వీడియో ప్రోగ్రాము తెర నాలుగైదు గదులుగా ఉంటుంది. ఒకచోట ముక్కల జాబితా, ఒకచోట బొమ్మ, కింద టైమ్‌లైన్. ఆఖరున ఎక్కడ క్లిక్ చేశారో ఆ గదే మేలుకొని ఉంటుంది. శీర్షిక రాసే పెట్టెలో క్లిక్ చేసి ఉంటే 'జె' నొక్కినప్పుడు శీర్షికలో ఒక అక్షరం చేరుతుంది తప్ప బొమ్మ వెనక్కు పోదు. అది న్యాయమే కదా! లేకపోతే పేర్లు టైపు చేసేదెలా? కొన్ని ప్రోగ్రాములలో ఒక్కో గదికి ఒక్కో షార్ట్‌కట్ల జాబితా కూడా ఉంటుంది.

చివరికి జాబితా. ఒకే మీటను రెండు పనులకు ఇస్తే ఏమవుతుంది? కొన్ని ప్రోగ్రాములు "ఇది ఫలానా పనికి ఉంది, దానినుంచి తీసేయనా?" అని అడుగుతాయి. కొన్ని చెప్పకుండా పాతదాన్ని తీసేస్తాయి. కెడెన్‌లైవ్ వంటి వాటిలో ఒకే మీట రెండు పనులకు ఉండిపోతే, ఏది చేయాలో తేల్చుకోలేక రెండూ చేయకుండా ఊరుకుంటుంది. ఇద్దరు ఒకేసారి తలుపులోంచి రాబోయి ఇద్దరూ ఇరుక్కున్నట్లు!

సగం చేసి వెతకండి

ఇప్పుడు మజిలీలన్నీ వరుసగా రాసుకుందాం.

1. మీట కింది పొరలు
2. కీబోర్డులోని చిప్
3. తీగ, దాన్ని గుచ్చే చోటు
4. అంకెను అక్షరంగా మార్చే లేఅవుట్
5. మధ్యలో పట్టుకునే వ్యవస్థ, ఇతర ప్రోగ్రాములు
6. మేలుకొని ఉన్న గది
7. షార్ట్‌కట్ల జాబితా
8. ఆజ్ఞ ఇప్పుడు నెరవేరే స్థితిలో ఉందా అన్నది

ఎనిమిదింటినీ ఒకటి తరువాత ఒకటి పరీక్షించాలా? అక్కర్లేదు. 1 నుంచి 100 లోపు ఒక సంఖ్యను మీ తమ్ముడు తలచుకుంటే, "50 కంటే పెద్దదా?" అని అడిగి సగం ఒకేసారి కొట్టేయవచ్చు. అలా సగం సగం చేసుకుంటూ పోతే 7 ప్రశ్నల్లో ఎలాంటి సంఖ్యనైనా పట్టుకోవచ్చు. వీధిలో ఏ స్తంభం దగ్గర తీగ తెగిందో వెతికే లైన్‌మన్ నడుమ నుంచి చూడటం మొదలుపెడితే ఇలాగే పని తేలికవుతుంది. మన ఎనిమిది మజిలీలకు అదృష్టం బాగుంటే 3 పరీక్షలు చాలు. ఎందుకంటే 2 × 2 × 2 = 8.

మొదటి పరీక్ష నడిమధ్య. వీడియో ప్రోగ్రామును అలాగే ఉంచి, నోట్‌ప్యాడ్ వంటి మామూలు రాత ప్రోగ్రామును తెరవండి. భాష మార్చకుండా అదే మీటను నొక్కండి. అక్షరం అసలు రాకపోతే లోపం మొదటి సగంలో ఉంది. ఇంకో కీబోర్డు గుచ్చి చూడండి. సరైన అక్షరమే వస్తే ఆ సగం దాదాపు నిర్దోషి. ప్రోగ్రాము వైపు చూడాలి. వేరే అక్షరం వస్తే నాలుగో మజిలీ దగ్గర దొంగ దొరికినట్లే.

రెండో పరీక్ష: అదే పనిని మౌసుతో మెనూ తెరిచి చేయించండి. మెనూలో కూడా జరగకపోతే తప్పు షార్ట్‌కట్‌ది కానే కాదు. ఏ ముక్కనూ ఎంచుకోకుండా కోయమంటున్నారేమో, ఆ వరుసకు తాళం వేసి ఉందేమో చూడండి. చాలామంది ఈ పరీక్ష మరిచిపోయి గంటలకొద్దీ షార్ట్‌కట్ల జాబితా మారుస్తూ కూర్చుంటారు.

మూడో పరీక్ష: టైమ్‌లైన్‌లో ఖాళీగా ఉన్నచోట ఒకసారి క్లిక్ చేసి, మళ్లీ మీట నొక్కండి. ఇప్పుడు పనిచేస్తే గది మారడమే కారణం.

అప్పటికీ తేలకపోతే షార్ట్‌కట్ల జాబితా తెరిచి, ఆ మీట పేరుతో వెతకండి. రెండుచోట్ల కనబడితే ఒకటి తీసేయండి. ఒకేచోట ఉన్నా పనిచేయకపోతే, అదే ఆజ్ఞకు తాత్కాలికంగా ఎవరూ వాడని కలయిక ఏదైనా ఇచ్చి చూడండి. కొత్తది పనిచేసి పాతది పనిచేయకపోతే, పాతదాన్ని దారిలో ఎవరో పట్టుకుంటున్నారన్నమాట. నేపథ్యంలో ఉన్న ప్రోగ్రాములను ఒక్కొక్కటే మూసి చూడండి.

రెండు నియమాలు మరువవద్దు. మొదటిది, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు కలిపి చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో కూడా ఇదే నియమం. రెండవది, సొంత షార్ట్‌కట్లు పెట్టుకోగానే ఆ జాబితాను ఒక ఫైలుగా భద్రపరచుకోవాలి. చాలా ప్రోగ్రాములలో ఆ సౌకర్యం ఉంది. అప్పుడు 'మొదటి స్థితికి తీసుకురా' అని నొక్కినా, ప్రోగ్రామును మళ్లీ ఎక్కించినా మీ కష్టం నీళ్లపాలు కాదు.

దొంగ దొరికాడు

ఇప్పుడు మన కంప్యూటరు గదికి తిరిగి వెళ్దాం. ఆధారాలేమిటి? జె, కె, ఎల్, డి నాలుగూ ఒకేసారి ఆగాయి. అంతవరకు బాగానే ఉన్నాయి. నాలుగు మీటల కింద నలుసులు ఒకే నిమిషంలో పడవు కదా! స్పేస్ బార్ నొక్కితే బొమ్మ నడుస్తోంది. శీర్షిక పెట్టె ఇంకా మేలుకొని ఉంటే స్పేస్ వల్ల అక్కడ ఖాళీ చేరేది తప్ప బొమ్మ నడిచేది కాదు. కాబట్టి గది కూడా సరైనదే. కీబోర్డూ, తీగా పనిచేస్తున్నాయి. జాబితాను ఎవరూ ముట్టుకోలేదు.

మరి పనిచేస్తున్న వాటికీ చేయని వాటికీ తేడా ఏమిటి? స్పేస్ తెలుగులోనూ స్పేసే. బాణం తెలుగులోనూ బాణమే. అక్షరాలు మాత్రమే భాషను బట్టి మారతాయి. ఆగిపోయినవన్నీ అక్షరాలే! శీర్షిక కోసం తెలుగుకు మారి, తిరిగి ఇంగ్లీషుకు రావడం మరిచిపోయారు. నోట్‌ప్యాడ్ తెరిచి జె, కె, ఎల్ నొక్కితే 'రకత' అని పడుతుంది. సాక్ష్యం చేతికి చిక్కింది. తెర మూలన ఉన్న భాష గుర్తును నొక్కి ఇంగ్లీషుకు మార్చండి. 'డి' నొక్కండి. కోత పడింది!

కొత్త కీబోర్డు కొని ఉంటే డబ్బు దండగ. ప్రోగ్రామును తీసి మళ్లీ ఎక్కించి ఉంటే సమయం దండగ. పైగా లోపం అలాగే ఉండేది. భాష కంప్యూటరులో మారింది గానీ ప్రోగ్రాములో కాదు కదా! కారణం తెలుసుకున్నారు కాబట్టి అర నిమిషంలో పని ముగిసింది. రేపు మళ్లీ వచ్చినా భయం లేదు.

మీరు విప్పండి

కింది మూడింటిలో నొక్కుడు ఏ మజిలీ దగ్గర దారి తప్పిందో ఆలోచించి, తరువాత జవాబులు చూడండి.

ఒకటి: ల్యాప్‌టాప్‌లో ఎఫ్5 మీటకు 'కొత్త వరుస చేర్చు' అని పెట్టారు. నొక్కితే వరుస చేరలేదు, తెర వెలుగు తగ్గింది.

రెండు: కీబోర్డు కుడివైపు అంకెల భాగంలోని 1కి ఒక పని అప్పగించారు. నొక్కితే ఆ పని జరగకుండా నిలువు గీత వీడియో చివరికి దూకింది.

మూడు: 'ఎస్' మీట నోట్‌ప్యాడ్‌లో పనిచేయడం లేదు, వీడియో ప్రోగ్రాములో పనిచేయడం లేదు. వేరే కీబోర్డు గుచ్చితే రెండింటిలోనూ పనిచేస్తోంది.

జవాబులు: మొదటిదానిలో మీట ఎఫ్5గా వెళ్లనేలేదు, ల్యాప్‌టాప్ దాన్ని వెలుగు తగ్గించే మీటగా పంపింది, ఎఫ్.ఎన్. కలిపి నొక్కి చూడాలి. రెండోదానిలో నమ్ లాక్ ఆగిపోయి ఉంది. అప్పుడు ఆ 1 అంకె 'ఎండ్' మీటగా పనిచేస్తుంది. మూడోదానిలో లోపం కీబోర్డులోనే. ఈసారి మాత్రం కొత్తది కొనవచ్చు. కొనేముందు పాతదాన్ని కంప్యూటరు నుంచి తీసి, పెద్దవాళ్ల ఎదుట స్క్రూలు విప్పి చూడండి. అడ్డంగా, నిలువుగా సాగిన ఆ గీతల వల మీ కళ్లకే కనిపిస్తుంది.